దెబ్బకు నిలిచే సాకెట్

గాలితో నడిచే రాచెట్ అయినా, బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచ్ అయినా, దానిలో పుట్టిన బలమంతా చివరికి గుప్పెట్లో ఇమిడే ఒక ఉక్కు గొట్టం గుండానే నట్టు మీదికి చేరుతుంది. ఆ గొట్టమే సాకెట్. పరికరం కొనేటప్పుడు దాని శక్తిని, బరువును, తయారీ సంస్థ పేరును పదిసార్లు విచారించేవారు కూడా సాకెట్ దగ్గరికి వచ్చేసరికి నట్టుకు సరిపడే కొలత ఉంటే చాలునని సరిపెట్టుకోవడం మెకానిక్ షెడ్లలోనూ, ఇంటి దగ్గర సొంతంగా బండి బాగుచేసుకునేవారిలోనూ తరచుగా కనిపించే అలవాటు. కొలత ముఖ్యమే గాని, ఆ గొట్టం మీద పడేది నిలకడైన ఒత్తిడా లేక ఎడతెగని దెబ్బలా అన్న సంగతి అంతకంటె ముఖ్యం. ఎందుకంటే కొలత తప్పితే పాడయ్యేది నట్టు, బలం తీరును అంచనా వేయడంలో తప్పితే పగిలేది సాకెట్, ఆ పగిలిన ముక్క ఎగిరిపడేది పనిచేసే మనిషి ముఖం మీదికి.

సాకెట్‌కు ఒక వైపు నట్టు ఇమిడే మూలల నోరు, రెండో వైపు పరికరం కొన దూరే చతురస్రపు గుంట ఉంటాయి. ఈ చతురస్రపు భాగాన్నే డ్రైవ్ అంటారు. హిందీ, ఉర్దూ మాట్లాడే మెకానిక్కులు సాకెట్‌ను గోటీ అంటారు. ప్రతి నట్టుకూ విడిగా ఒక పిడి ఉన్న పానా కొనవలసిన రోజుల్లో, 1920లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జోసెఫ్ జాన్సన్ తన భాగస్వామితో కలిసి స్థాపించిన స్నాప్-ఆన్ సంస్థ ఐదు పిడులకు పది సాకెట్లను మార్చి మార్చి తగిలించుకునే ఏర్పాటును అమ్మకానికి తెచ్చింది. పిడి వేరు, నోరు వేరు అన్న ఆ విభజన వల్లనే తర్వాతి కాలంలో పిడి ఉన్న చోటికి యంత్రం సులువుగా వచ్చి చేరగలిగింది. చిక్కు కూడా అక్కడే మొదలైంది: డ్రైవ్ కొలత కలిస్తే చేతి పిడి కోసం చేసిన సాకెట్ యంత్రానికీ ఎక్కుతుంది, ఎక్కినంత మాత్రాన అది ఆ యంత్రానికి తగినది కాదు.

తోపు వేరు, పోటు వేరు

నట్టును తిప్పే బలాన్ని టార్క్ అంటారు, దాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మీటరు పొడవున్న పిడిని అడ్డంగా పట్టి దాని కొనకు పది కిలోల బరువు వేలాడదీస్తే నట్టు మీద పడే టార్క్ సుమారు 98 న్యూటన్ మీటర్లు. చేతి పానాతో ఈ బలం నెమ్మదిగా పెరుగుతుంది, నట్టు ఎక్కడ మొరాయిస్తున్నదో మణికట్టుకు తెలుస్తూనే ఉంటుంది.

పవర్ రాచెట్ పని కూడా స్వభావంలో ఇటువంటిదే. ఒక దిక్కుకే తిరగనిచ్చే పళ్ల చక్రాన్ని గాలి మోటారో విద్యుత్ మోటారో ముందుకూ వెనక్కూ ఆడించడం వల్ల డ్రైవ్ కొంచెం కొంచెంగా తిరుగుతుంది. సాధారణ రకాలు ఇవ్వగలిగే టార్క్ సుమారు 40 నుంచి 100 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఇందులో సుత్తిదెబ్బ లేదు, తోపు మాత్రమే ఉంది. అందువల్ల నట్టు బిగుసుకుని ఆగిన క్షణంలో ఆ తోపు ఎదురు తిరిగి పరికరాన్నే మెలిపెడుతుంది, పరికరానికీ ఇంజను దిమ్మకూ మధ్య వేళ్లు ఇరుక్కుని నలిగే ప్రమాదం అప్పుడే వస్తుంది. ఈ పరికరాన్ని వాడేటప్పుడు అది ఏ పక్కకు తిరగబోతుందో ముందే ఊహించి చేతిని దానికి అవతలి వైపు ఉంచుకోవాలి.

టైరు దుకాణాల్లో గన్ అని పిలిచే ఇంపాక్ట్ రెంచ్ మాత్రం పూర్తిగా వేరే సూత్రం మీద నడుస్తుంది. దాని లోపల కమ్మరి కొలిమిలో ఉండే జంటే ఉంటుంది: తిరిగే బరువు సుత్తి, ఆ సుత్తి దెబ్బను అందుకునే డ్రైవ్ కడ్డీ దాగలి. మోటారు సుత్తిని స్వేచ్ఛగా తిప్పి వేగం అందిస్తుంది, ఆ వేగంతో సుత్తి దాగలిని పక్క నుంచి కొడుతుంది, వెంటనే విడిపోయి మళ్లీ వేగం పుంజుకుంటుంది. బ్యాటరీ రకాలలో ఈ విడిపోవడాన్ని, మళ్లీ కలవడాన్ని ఒక స్ప్రింగు, వాలు గాడిలో దొర్లే ఉక్కు గోళీలు కలిసి నడిపిస్తాయి. నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు పడడం సాధారణం. ఒక్కొక్క దెబ్బ నిలిచే కాలం రెప్పపాటుతో పోల్చినా ఎన్నో రెట్లు తక్కువ కాబట్టి దాని ఎదురు తాకిడి మనిషి చేతిదాకా పూర్తిగా చేరదు. 500 న్యూటన్ మీటర్లకు పైగా టార్క్ ఇచ్చే గన్నును ఒంటి చేత్తో పట్టుకోగలగడానికి కారణం అదే. చేతికి తెలియని ఆ తాకిడిని ప్రతిసారీ ఓర్చుకునేది సాకెట్.

పదును పెరిగితే పెళుసు

లోహానికి ఉండే రెండు గుణాలను మామూలు మాటల్లో గట్టిదనం అనే ఒకే పేరుతో పిలవడం వల్ల సాకెట్ల విషయంలో చాలా గందరగోళం పుట్టింది. గీత పడకుండా, నలగకుండా నిలిచే గుణం కాఠిన్యం. దెబ్బ పడినప్పుడు కొద్దిగా సాగి, ఆ శక్తిని తనలో ఇముడ్చుకుని, విరగకుండా ఉండే గుణం దార్ఢ్యం. ఒకే ఉక్కులో మొదటిదాన్ని పెంచితే రెండోది సాధారణంగా తగ్గుతుంది. ఈ సంగతి కమ్మరులకు పుస్తకాలు లేని కాలం నుంచీ తెలుసు: మంగలి కత్తికి పట్టించినంత పదును సమ్మెటకు పట్టిస్తే అది నాలుగు దెబ్బలకు అంచు రాలిపోతుంది.

చేతి సాకెట్లను ఎక్కువగా క్రోమ్ వనాడియం ఉక్కుతో చేస్తారు. సుమారు ఒక శాతం క్రోమియం, దానికంటె చాలా తక్కువ పాళ్లలో వనాడియం కలిసిన ఈ ఉక్కుకు ఎక్కువ కాఠిన్యం వచ్చేలా పదును పెడతారు కాబట్టి గోడలను పలుచగా చేసినా నోరు అరగదు, ఇరుకు సందుల్లో దూరుతుంది. పైన మెరిసే క్రోమియం పూత తుప్పును ఆపుతుంది, జిడ్డును ఒక్క తుడుపుతో వదిలిస్తుంది. నిలకడైన తోపుకు ఇంతకంటె మంచి సాధనం లేదు. గన్ను దెబ్బలకు ఓర్చుకునేలా విడిగా చేసే ఇంపాక్ట్ సాకెట్లకు ఎక్కువగా వాడే క్రోమ్ మాలిబ్డినం ఉక్కులో కూడా క్రోమియం ఒక శాతం దగ్గరే ఉంటుంది, దానితోపాటు ఐదో వంతు శాతం ప్రాంతంలో మాలిబ్డినం చేరుతుంది. పదును పెట్టిన తర్వాత మళ్లీ కాచి కాఠిన్యాన్ని కొంత దించడం వల్ల ఈ సాకెట్ దెబ్బకు కొద్దిగా సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. తయారీలో అసలు రహస్యం లోహం పేరులో కంటె ఈ కాచే పద్ధతిలోనే ఎక్కువగా ఉన్నదని గుర్తించడం అవసరం. ఎందుకంటే క్రోమ్ వనాడియంతో చేసిన ఇంపాక్ట్ సాకెట్లూ, క్రోమ్ మాలిబ్డినంతో చేసిన చేతి సాకెట్లూ బజారులో లేకపోలేదు.

చేతి సాకెట్‌ను గన్నుకు తగిలిస్తే జరిగేది వెంటనే కనిపించదు, ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. మొదటి నట్టు ఊడి వస్తుంది, పదో నట్టూ ఊడి వస్తుంది, ఏమీ కాలేదు కదా అన్న ధీమా పెరుగుతుంది. ఈలోగా నోటి లోపలి మూలల దగ్గర, ఒత్తిడి అంతా పోగుపడే చోట, కంటికి కనిపించనంత సన్నని చీలిక మొదలై ప్రతి దెబ్బకూ కొంచెం లోపలికి పాకుతుంది; దీన్నే లోహపు అలసట అంటారు. పలుచని గోడను ఆ చీలిక దాటిన రోజున సాకెట్ సాగకుండా, హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా విచ్చిపోతుంది. పూత సంగతి మరొకటి: క్రోమియం పొర లోపలి ఉక్కు కంటె పెళుసు కాబట్టి దెబ్బలకు పొలుసులుగా లేచి బ్లేడులాంటి అంచులతో వేళ్లను కోస్తుంది, కళ్లలో పడుతుంది. ఇంపాక్ట్ సాకెట్లకు మెరుపు పూత వేయక నల్లని ఫాస్ఫేట్ పూతతోనో నల్ల ఆక్సైడుతోనో సరిపెట్టడానికి ప్రధాన కారణం ఇదే. ఆ నలుపు తుప్పును అంత బాగా ఆపలేదు కనుక విశాఖపట్నం, కాకినాడ వంటి ఉప్పుగాలి వీచే ఊళ్లలో వీటిని వాడిన తర్వాత నూనె గుడ్డతో తుడిచి పెట్టుకోవాలి.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కూడా ఈ రెండు జాతులను కలపలేదు. సాకెట్ల కొలతలను నిర్దేశించే ఐఎస్ఓ 2725 ప్రమాణంలో మొదటి భాగం చేతితో తిప్పేవాటికి, రెండో భాగం యంత్రంతో తిప్పేవాటికి ప్రత్యేకించింది.

ఇక మిగిలిన ప్రశ్న పవర్ రాచెట్‌కు ఏది తగినదన్నది. సుత్తి యంత్రాంగం లేని మామూలు పవర్ రాచెట్ మీద మంచి చేతి సాకెట్ విరిగే అవకాశం తక్కువ. ఆ పరికరం దూరే ఇరుకు చోట్ల పలుచని గోడ ఉన్న సాకెట్ తప్ప మరొకటి పట్టని సందర్భాలూ ఉంటాయి, అందుకే చాలామంది అనుభవజ్ఞులు దాన్నే వాడతారు. అయినా చోటు ఉన్నంత వరకు యంత్రానికి చేసిన సాకెట్‌నే వాడడం మేలు, పరికరంతో వచ్చే పుస్తకం అదే చెబితే దానికి తిరుగు లేదు. ఇంపాక్ట్ రాచెట్ అనే పేరుతో వచ్చే, పైకి పవర్ రాచెట్‌లాగే కనిపించే పరికరం లోపల సుత్తి ఉంటుంది. దానికి చేతి సాకెట్ తగిలించకూడదు. కొనేవారు పరికరం ఆకారాన్ని చూసి కాక, లోపల దెబ్బ ఉందా లేదా అని అడిగి తెలుసుకోవాలి.

చతురస్రం కొలత

డ్రైవ్ కొలతలు దేశమంతటా, మెట్రిక్ నట్ల మీద పనిచేసేటప్పుడు కూడా, అంగుళాల్లోనే చెలామణీ అవుతాయి: 1/4, 3/8, 1/2, 3/4, 1. అంకెలు దగ్గర దగ్గరగా కనిపించినా బలంలో వాటి మధ్య దూరం ఎక్కువ. చతురస్రపు కడ్డీ మెలికకు ఓర్చుకునే శక్తి దాని భుజం ఘనాన్ని బట్టి, అంటే భుజాన్ని మూడుసార్లు గుణించగా వచ్చే విలువను బట్టి పెరుగుతుంది కాబట్టి, ఒకే ఉక్కుతో చేసిన పక్షంలో 3/8 కంటె 1/2 అంగుళం డ్రైవ్ సుమారు 2.4 రెట్లు, 1/2 కంటె 1 అంగుళం డ్రైవ్ 8 రెట్లు తట్టుకుంటుంది. ఇంజను కవర్ల మీది చిన్న బోల్టులకు 3/8, కారు చక్రాలకు 1/2, లారీ చక్రాలకు 3/4 లేదా 1 అంగుళం అన్న వాడుక ఊరికే ఏర్పడలేదు.

పెద్ద గన్నుకు చిన్న సాకెట్ తగిలించుకునేందుకు వాడే అడాప్టర్ ఈ లెక్కను మరుగుపరుస్తుంది. 3/4 అంగుళం గన్ను కొనకు అడాప్టర్ పెట్టి 1/2 అంగుళం సాకెట్ బిగించినప్పుడు ఆ గొలుసులో అన్నిటికంటె బలహీనమైన చోటు 1/2 అంగుళం మెడ, దెబ్బ మాత్రం 3/4 గన్నుది. ఆ మెడ విరిగే ప్రమాదం ఎక్కువ. పైకి వెళ్లే అడాప్టర్, అంటే చిన్న గన్నుకు పెద్ద సాకెట్ తగిలించేది, అంత ప్రమాదకరం కాదు గాని దానితో పని కూడా పెద్దగా సాగదు.

నోటి మూలల సంగతి డ్రైవ్ కంటె ముందుగా చూసుకోవలసినది. పన్నెండు మూలల సాకెట్ 30 డిగ్రీలకు ఒకసారి నట్టుకు ఎక్కుతుంది కాబట్టి చేతి పానాకు అది సౌకర్యం. యంత్రం ఆగకుండా తిరుగుతుంది కనుక ఆ సౌకర్యంతో దానికి పని లేదు. ఆరు మూలల సాకెట్ గోడ మందంగా నిలుస్తుంది, నట్టు ముఖాలను విశాలంగా పట్టుకుంటుంది, తుప్పు పట్టి అంచులు అరిగిన నట్టు మీద కూడా సులువుగా జారదు. పన్నెండు మూలల తల ఉన్న ప్రత్యేక బోల్టులకు తప్ప ఇంపాక్ట్ పరికరాలకు ఆరు మూలల నోటినే ఎంచుకోవాలి. మంచి సాకెట్ల లోపల నట్టు మూలలు తగిలే చోట చిన్న గుంటలు తీసి, బలం మూల మీద కాక కాస్త లోపలికి, చదునైన ముఖం మీద పడేలా చేస్తారు. నట్టు గుండ్రంగా మారకుండా కాపాడేది ఈ చిన్న ఏర్పాటే. నోటి అంచును వాలుగా చెక్కడం ఇంకొక మామూలు పద్ధతి, అది నట్టు మీదికి సులువుగా ఎక్కడానికి పనికివస్తుంది. అయితే పలుచని తల ఉన్న బోల్టు మీద ఆ వాలు తినేసిన ఒకటి రెండు మిల్లీమీటర్లే పట్టు తప్పడానికి కారణమవుతాయి.

కొలతల విషయంలో తెలుగు రాష్ట్రాల మెకానిక్కులు రెండు సంప్రదాయాల మధ్య పనిచేస్తున్నారు. ఎం8 బోల్టు అంటే మర వెలుపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు ఉన్న బోల్టు. దాని తలకు జపాను కార్లలో సాధారణంగా 12 మిల్లీమీటర్ల సాకెట్ పడితే, యూరప్ పద్ధతిలో 13 పడుతుంది. ఎం10కు జపాను పద్ధతిలో 14, పాత జర్మన్ పద్ధతిలో 17, తర్వాత వచ్చిన అంతర్జాతీయ పద్ధతిలో 16. సుజుకీ, టయోటా, హోండా మూలాలున్న బండ్లు నిండిన షెడ్డులో 12, 14 ముందు అరిగిపోవడానికి, 13 కొత్తగా మిగిలిపోవడానికి కారణం ఇదే. అంగుళాల సాకెట్లతో సర్దుకోవడం ఇంకొక ఉచ్చు: 3/4 అంగుళం 19.05 మిల్లీమీటర్లు కాబట్టి 19 నట్టు మీద నిక్షేపంగా పనిచేస్తుంది, అదే ధైర్యంతో 14 నట్టుకు 9/16 పెడితే అది 14.29 మిల్లీమీటర్లు. ఆ చిన్న సందు చేతి పానాకు పెద్దగా అడ్డు రాకపోవచ్చు గాని, నిమిషానికి రెండు వేల దెబ్బల కింద మాత్రం నట్టు మూలలను గుండ్రంగా మార్చేస్తుంది.

పొడిగింపులు, కీళ్లు

దెబ్బ సుత్తి నుంచి నట్టుకు చేరే దారిలో ప్రతి అతుకూ కొంత తినేస్తుంది. పొడవైన ఎక్స్‌టెన్షన్ కడ్డీ మెలికపడి తిరిగి విప్పుకునే స్ప్రింగులా ప్రవర్తించడం వల్ల పదునైన దెబ్బ మెత్తబడుతుంది. రెండు మూడు కడ్డీలు ఒకదానికొకటి తగిలిస్తే ప్రతి చతురస్రంలోని వదులు కూడా దానికి తోడై, గన్ను అదే అయినా నట్టు కదలదు. ఒంపు చోట్లకు వాడే కీలు సాకెట్లు కూడా దెబ్బకు చేసినవే కావాలి, వాటిని ఎక్కువ కోణంలో వంచి నడిపితే కీలే ముందు పోతుంది. గన్నుకు తగిన సాకెట్ కొని, మధ్యలో చేతి పెట్టెలోని మెరిసే ఎక్స్‌టెన్షన్ పెట్టడం చాలా షెడ్లలో కనిపించే పొరపాటు. సాకెట్ గురించి చెప్పినదంతా ఆ కడ్డీకీ వర్తిస్తుంది.

నట్టును దాటి బయటికి పొడుచుకు వచ్చే బోల్టుల మీద లోతైన సాకెట్ తప్పదు. అల్లాయ్ చక్రాలకు గోడ పలుచగా ఉండి, బయట ప్లాస్టిక్ తొడుగు ఉన్న లోతైన ఇంపాక్ట్ సాకెట్లు దొరుకుతాయి. వాటి ధర కాస్త ఎక్కువైనా, ఒక్క చక్రం పూత గీసుకుపోతే అయ్యే నష్టంతో పోలిస్తే అది ఏపాటిది? కార్ల చక్రాలకు 17, 19, 21 మిల్లీమీటర్లు, ఎం22 మర ఉన్న లారీ చక్రాలకు 32 లేదా 33 మిల్లీమీటర్లు చాలామటుకు సరిపోతాయి.

విప్పడానికి దెబ్బ, బిగించడానికి కొలత

ఇంపాక్ట్ పరికరం విప్పడానికి పుట్టిన వరం. బిగించే పనిలో మాత్రం దాన్ని అదుపులో ఉంచుకోవాలి. బోల్టు బిగిస్తున్నప్పుడు పెట్టే టార్క్‌లో దాదాపు 90 శాతం మరల మధ్య, నట్టు అడుగున పుట్టే రాపిడికే పోయి, బోల్టును సాగదీసి రెండు భాగాలను పట్టి ఉంచే పనికి పదో వంతు మాత్రమే మిగులుతుంది. మర మీద నూనె ఉన్నా, తుప్పు ఉన్నా ఈ లెక్క తారుమారవుతుంది, గన్నుకు ఆ తేడా తెలియదు. చాలా కార్లకు తయారీదారులు చెప్పే చక్రపు బిగింపు సుమారు 85 నుంచి 120 న్యూటన్ మీటర్లు. 500 ఇవ్వగల గన్ను ట్రిగ్గర్‌ను రెండు సెకన్లు ఎక్కువ నొక్కితే బోల్టు తిరిగి రానంతగా సాగుతుంది, నడిరోడ్డు మీద స్టెప్నీ మార్చుకోవలసిన ఇల్లాలికి జాకీతో ఇచ్చిన పానాతో ఆ నట్టు కదలదు. నట్టును ముందు చేత్తోనే నాలుగు చుట్లు తిప్పి, ఎదురెదురు నట్లను వంతులవారీగా గన్నుతో అంతంతమాత్రంగా బిగించి, చివరి బిగింపును టార్క్ రెంచ్‌తో ముగించడమే సరైన పద్ధతి. నిర్ణీత బలం దాటాక తానే మెలికపడి మిగతా దెబ్బను మింగేసే టార్క్ స్టిక్ అనే కడ్డీలు కొంత సహాయం చేస్తాయి గాని, గన్నులో గాలి పీడనాన్ని బట్టి వాటి ఫలితం మారుతుంది కాబట్టి అవి టార్క్ రెంచ్‌కు బదులు కావు.

బజారులో ఇంపాక్ట్ సాకెట్‌ను గుర్తించడానికి నలుపు రంగు ఒక్కటే ఆధారం కాదు, ఎందుకంటే చేతి సాకెట్‌కు నల్ల పూత వేయడం కష్టమైన పని కాదు. గోడ మందం, ఇంపాక్ట్ అనే అచ్చు, కొలతను లోతుగా చెక్కిన తీరు, అన్నిటికంటె ముఖ్యంగా డ్రైవ్ గోడకు అడ్డంగా ఉండే రంధ్రం చూడాలి. సికింద్రాబాదు రాణిగంజ్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్ దుకాణాల్లోనైనా సాకెట్‌ను చేతిలోకి తీసుకుని, అదే కొలత చేతి సాకెట్‌ను పక్కన పెట్టి బరువు పోల్చితే తేడా వెంటనే తెలుస్తుంది. వాడుతున్నవాటిని నెలకొకసారి వెలుతురులో పెట్టి నోరు విచ్చుకున్నదా, మూలల్లో గీతలాంటి చీలిక కనిపిస్తున్నదా అని చూడాలి. చీలిక ఉన్నదాన్ని వెల్డింగు చేయించి మళ్లీ వాడకూడదు, వెల్డింగు వేడి ఆ ఉక్కుకు పెట్టిన పదునును చెడగొడుతుంది. ఏ సాకెట్‌తో పనిచేసినా కంటి అద్దాలు తప్పవు.

డ్రైవ్ గోడలోని ఆ రంధ్రం సాకెట్‌ను గన్నుకు కట్టివేయడానికి ఉన్నది. గన్ను కొనలోనూ అటువంటి రంధ్రమే ఉంటుంది. రెండిటినీ కలిపి ఒక పిన్ను దూర్చి, పిన్ను జారకుండా సాకెట్ చుట్టూ ఉన్న గాడిలో రబ్బరు రింగు ఎక్కిస్తారు. 3/4, 1 అంగుళం గన్నులకు ఇది తప్పనిసరి, ఎందుకంటే కిలోకు పైగా బరువున్న లారీ సాకెట్ తిరుగుతూ ఊడితే ఎదురుగా ఉన్నవారికి తప్పించుకునే సమయం ఉండదు. రబ్బరు రింగు ఎండకూ నూనెకూ క్రమంగా బీటలువారుతుంది. అది తెగిన రోజున పిన్ను స్థానంలో మేకు దూర్చి, పైన ఇనుప తీగ చుట్టి పని నడిపిస్తే, ఆ మేకే మొదట ఎగిరిపడుతుంది. సాకెట్లతోపాటు నాలుగు రింగులు, రెండు పిన్నులు అదనంగా కొని పెట్టెలో ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు తక్కువే.